నిన్నటి సంగతి గుర్తుంది, గరాటు అంటే తెలియదు: అర్థాల జ్ఞాపకం చెదిరిన ఒక కేసు

అకౌంట్స్ విభాగంలో పనిచేసి పదవీ విరమణ చేసిన 61 ఏళ్ళ మహిళ, 'మతిమరుపు' అన్న ఒక్క ఫిర్యాదుతో, భర్తను వెంటబెట్టుకుని న్యూరాలజీ ఓపీకి వచ్చారు. ఆమెది కుడిచేతి వాటం. బీపీ ఉంది, మందులతో అదుపులోనే ఉంది. పక్షవాతం, ఫిట్స్, తలకు దెబ్బ, మద్యం అలవాటు లేవు. రక్తసంబంధీకుల్లో ఎవరికీ డిమెన్షియా (మతి క్రమంగా క్షీణించే జబ్బు) వచ్చినట్టు చరిత్ర లేదు. అంతకు ముందే మరోచోట అల్జీమర్స్ వ్యాధిగా నిర్ధారించి, ఆ వ్యాధికి ఇచ్చే డొనెపెజిల్ అనే మందు మొదలుపెట్టారు. మందు వల్ల మేలు కనిపించకపోగా చిరాకు పెరిగిందని, అందుకే రెండో అభిప్రాయం కోసం వచ్చామని భర్త చెప్పారు. రోగిని గుర్తుపట్టడానికి వీలున్న వివరాలు మార్చి ఈ కేసు రాస్తున్నాను.

రోగ చరిత్ర విడమరిచి అడిగితే మొదట దొరికిన సమాచారం మామూలుగానే ఉంది. మూడేళ్ళుగా వస్తువుల పేర్లు నోటికి రావడం లేదు, మాటల మధ్యలో 'అది', 'ఆ సామాను', 'దాంతో చేస్తారే, అది' అన్నవి ఎక్కువయ్యాయి. ఇంతవరకు వింటే వయసుతో వచ్చే మరపు దగ్గర నుంచి అల్జీమర్స్ దాకా దేనికైనా సరిపోతుంది. అయితే కరెంటు బిల్లు గడువు, డాక్టరు అపాయింట్‌మెంటు, మనవరాలి పరీక్షల తేదీలు ఇంట్లో ఎవరు గుర్తుపెట్టుకుంటున్నారని అడిగినప్పుడు భర్త కాసేపు ఆలోచించి, "మరిచిపోయేది నేను, గుర్తుచేసేది ఆవిడ. అయినా జబ్బు మాత్రం ఆవిడకే అంటున్నారు డాక్టర్ గారూ" అన్నారు. ఈ కేసులో రోగ నిర్ధారణ సగం ఆ మాటలోనే ఉంది. ఆమె దారి తప్పడం లేదు, అడిగిన ప్రశ్నే మళ్ళీ మళ్ళీ అడగడం లేదు, పెట్టిన చోటు మరిచిపోయి వస్తువులు వెతుక్కోవడం లేదు, బ్యాంకు పాస్‌బుక్‌లోని లెక్కలు పైసలతో సహా సరిచూసుకుంటున్నారు. మారినదల్లా ఒకటే. ఎదుటివారు మామూలు మాట ఏదైనా అంటే, ఆ మాట జీవితంలో ఎన్నడూ విననట్టు, 'అంటే ఏమిటి?' అని అడుగుతున్నారు.

రోగి బంధువులు 'జ్ఞాపకశక్తి తగ్గింది' అంటే వైద్యులం వెంటనే హిప్పోక్యాంపస్ వైపు, అంటే మెదడు లోపల కొత్త జ్ఞాపకాలను నిలిపే భాగం వైపు, చూస్తాం. ఆ అలవాటుకు బలమైన కారణమే ఉంది. 1953లో మూర్ఛ తగ్గించడానికి హెన్రీ మొలైసన్ అనే యువకుడికి విలియం స్కోవిల్ రెండు వైపులా టెంపోరల్ లోబుల (మెదడులో చెవుల పక్కన ఉండే భాగాలు) లోపలి భాగాలను తొలగించాడు. ఆ తర్వాత 2008లో చనిపోయేదాకా అతడు కొత్త సంఘటనలను గుర్తుంచుకోలేకపోయాడు. అతడిని పరీక్షించిన బ్రెండా మిల్నర్, స్కోవిల్‌తో కలిసి 1957లో ప్రచురించిన వ్యాసంతో హిప్పోక్యాంపస్‌కూ జ్ఞాపకానికీ ఉన్న సంబంధం స్థిరపడింది. అంతకు ముందే, 1937లో, జేమ్స్ పపెజ్ భావోద్వేగాలకు ఆధారంగా వర్ణించిన వలయం, అంటే హిప్పోక్యాంపస్ నుంచి ఫోర్నిక్స్ ద్వారా మామిల్లరీ బాడీలకు, అక్కడి నుంచి థాలమస్ ముందు భాగానికి, సింగ్యులేట్ మడత మీదుగా తిరిగి హిప్పోక్యాంపస్‌కు చేరే దారి, నిజానికి సంఘటనల జ్ఞాపకానికి రహదారి అని తర్వాత తేలింది. ఈ దారిలో ఎక్కడ తెగినా ఫలితం దాదాపు ఒకటే: థయామిన్ (విటమిన్ బి1) లోపంతో మామిల్లరీ బాడీలు, థాలమస్ దెబ్బతిన్న కోర్సకాఫ్ రోగి కూడా పొద్దున జరిగింది సాయంత్రం చెప్పలేడు. అల్జీమర్స్ వ్యాధిలో టౌ ప్రోటీన్ చిక్కుముడులు హిప్పోక్యాంపస్‌ను ఆనుకుని ఉండే ఎంటోరైనల్ కార్టెక్స్ పరిసరాల్లో మొదలై, హిప్పోక్యాంపస్‌కు, ఆ తర్వాతే మిగిలిన కార్టెక్స్‌కు (మెదడు పైపొరకు) వ్యాపిస్తాయని హైకో బ్రాక్, ఎవా బ్రాక్ దంపతులు 1991లో చూపించారు. అందుకే ఆ వ్యాధిలో ముందు పోయేది నిన్నటి సంగతి, చివరిదాకా మిగిలేది చిన్ననాటి సంగతి.

అయితే ఎండెల్ టల్వింగ్ 1972లోనే విడదీసి చూపినట్టు, జ్ఞాపకం ఒకే సరుకు కాదు. నిన్న గొడుగు ఎక్కడ మరిచిపోయామో గుర్తుండడం ఒకటి, గొడుగు అంటే ఏమిటో తెలిసి ఉండడం మరొకటి. మొదటిది సంఘటనల జ్ఞాపకం. రెండోది పదాల, వస్తువుల, మనుషుల గురించిన జ్ఞానం, అంటే అర్థాల జ్ఞాపకం. ఈ రెండోది విడిగా దెబ్బతినగలదని 1975లో ఎలిజబెత్ వారింగ్టన్ ముగ్గురు రోగులలో చూపించారు. మా రోగిలో మొదటిది నిలిచి రెండోది పోతోందన్న అనుమానంతోనే పరీక్ష మొదలుపెట్టాను.

మతి స్థితిని ప్రశ్నలతో అంచనా వేసే మామూలు మినీ మెంటల్ పరీక్షలో ఆమెకు 30కి 24 వచ్చాయి. మొత్తం అంకె కన్నా మార్కులు ఎక్కడ పోయాయన్నదే ముఖ్యం. తేదీ, వారం, స్థలం అన్నీ సరిగ్గా చెప్పారు, 100 నుంచి ఏడేసి తీసివేతలు తడబాటు లేకుండా చేశారు, పెంటగన్ బొమ్మలు చక్కగా దించారు. పోయినవన్నీ మాటల మీద ఆధారపడిన అంశాల్లోనే: మూడు పదాల పునఃస్మరణలో మూడూ, వస్తువు పేరు చెప్పడంలో ఒకటి, మూడంచెల ఆదేశంలో ఒకటి, వాక్యం రాయడంలో ఒకటి. మూడు పదాలు గుర్తురాకపోతే 'ఇటీవలి జ్ఞాపకం దెబ్బతింది' అని రాసేయడం పరిపాటి. కానీ అర్థం తెలియని మాటను ఐదు నిమిషాలు మనసులో నిలుపుకోవడం ఎవరికైనా కష్టమే. మనకు తెలియని భాషలోని మూడు పదాలిచ్చి ఐదు నిమిషాల తర్వాత అడిగితే మనమూ చెప్పలేం.

మాట ధారాళంగా ఉంది. వ్యాకరణం, ఉచ్చారణ, చెప్పిన వాక్యాన్ని తిరిగి చెప్పడం చెక్కుచెదరలేదు. పక్క గది నుంచి వింటే ఎవరూ తప్పు పట్టలేరు, కాకపోతే నామవాచకాలు తక్కువగా వినిపిస్తాయి. ఒక్క నిమిషంలో జంతువుల పేర్లు చెప్పమంటే నాలుగే చెప్పారు. 'క'తో మొదలయ్యే మాటలు తొమ్మిది చెప్పారు. బొమ్మల పరీక్షలో సింహాన్నీ, నక్కనూ 'కుక్క' అన్నారు, జీబ్రాను 'గుర్రం' అన్నారు. జిరాఫీ బొమ్మ దగ్గర ఆగిపోతే 'జి' అని మొదటి అక్షరం అందించాను. స్పందన లేదు. 'జిరా' అన్నాను. చివరికి మాట మొత్తం చెప్పాను. "జిరాఫీ... అంటే ఏమిటండీ?" అని వినయంగా, కుతూహలంగా అడిగారు. అల్జీమర్స్ తొలి దశలో మాట నాలుక చివర ఉండి రాకపోతే మొదటి అక్షరం అందించగానే ఎక్కువసార్లు బయటపడుతుంది, మాట చెప్పేస్తే 'ఆ, అదే' అంటారు. ఇక్కడ 'ఆ, అదే' అనేది లేదు. పేరు అందకపోవడం వేరు, పేరు వెనకున్న విషయమే చెరిగిపోవడం వేరు.

ఈ తేడాను రూఢి చేసుకోవడానికి ఒకే వస్తువును నాలుగు దారుల్లో పరీక్షించాను: బొమ్మ చూపి పేరు అడగడం, పేరు చెప్పి బొమ్మ చూపమనడం, పేరు చెప్పి దాని గురించి వివరించమనడం, వస్తువునే చేతికిచ్చి వాడమనడం. గరాటు బొమ్మకు పేరు చెప్పలేదు, గరాటు అన్న మాటకు బొమ్మ చూపలేదు, వివరణ రాలేదు. నిజమైన గరాటు చేతికిస్తే అటూ ఇటూ తిప్పి చూసి, వెడల్పు వైపును నోటి దగ్గర పెట్టుకుని 'ఇందులో మాట్లాడతారా?' అన్నారు. చెవిన పడినా, కంటికి కనిపించినా, చేతికి అందినా ఒకే వస్తువు దగ్గర తడబడుతున్నారంటే లోపం కంటిలోనో, చెవిలోనో, మాట పలకడంలోనో కాదు, అన్ని దారులూ కలిసే చోట ఉంది. మాటలతో పనిలేని జత కలిపే బొమ్మల్లోనూ, అంటే తాళం చెవికి తలుపు జతా కిటికీ జతా అని చూపమన్నప్పుడు కూడా, పొరపాట్లు వచ్చాయి. విచిత్రం ఏమిటంటే, నేను ఇచ్చిన గొడుగును చూసి తికమకపడ్డ మనిషి, వెళ్ళేటప్పుడు తలుపు పక్కన పెట్టిన తన గొడుగును తీసుకుని ఏ తడబాటూ లేకుండా తెరిచారు. తన వస్తువు, తన చోటు, తన దినచర్యతో ముడిపడినంత వరకు సంఘటనల జ్ఞాపకం అర్థాల జ్ఞాపకానికి ఊతమిస్తుంది. ఆ ఊతం లేని చోట లోపం బయటపడుతుంది.

బాతు బొమ్మను ముందు పెట్టి దించమంటే అచ్చుగుద్దినట్టు దించారు. బొమ్మ తీసేసి, కొద్దిసేపు ఆగి, గుర్తున్నంత మేరకు గీయమంటే ముక్కూ తోకా ఉన్నాయి గానీ కాళ్ళు నాలుగు వచ్చాయి. ఇది ఈ జబ్బులో పలువురు పరిశోధకులు నమోదు చేసిన లక్షణమే. జంతువు అన్నది మిగిలింది, బాతును తక్కిన జంతువుల నుంచి వేరు చేసే విశేషం పోయింది. అర్థాల జ్ఞాపకం ఎప్పుడూ ఈ వరసలోనే కరుగుతుంది: అరుదైనవి ముందు, తరచుగా కనిపించేవి తర్వాత, విశేష గుణాలు ముందు, సామాన్య గుణాలు తర్వాత. నక్క కుక్క అవుతుంది, కుక్క జంతువు అవుతుంది, జంతువు 'అది' అవుతుంది.

చదవడం గురించి ఒక మాట. ఈ జబ్బుకు ఇంగ్లీషు పాఠ్యగ్రంథాలు చెప్పే ముఖ్య లక్షణం, అక్షరాలకూ ఉచ్చారణకూ పొంతన లేని పదాలను అక్షరాల ప్రకారమే చదివేయడం. తెలుగు లిపిలో రాసినదే పలుకుతాం కాబట్టి తెలుగు పాఠంలో ఈ లక్షణం దొరకదు. ఈమె దినపత్రిక సంపాదకీయాన్ని గడగడా చదివారు, చదివినదాంట్లో సగం మాటలకు అర్థం చెప్పలేకపోయారు. బిగ్గరగా బాగా చదువుతున్నారు కదా అని ఇంట్లోవాళ్ళూ, ఒక్కోసారి వైద్యులూ నిశ్చింతగా ఉండిపోయే ప్రమాదం ఉంది. ఆమెకు ఇంగ్లీషులో ఉద్యోగానుభవం ఉన్నందున ఇంగ్లీషు పదాల జాబితా కూడా ఇచ్చాను. 'ఐలండ్'ను 'ఇస్లాండ్' అనీ, 'కర్నల్'ను 'కొలొనెల్' అనీ చదివారు. తెలుగు ఒక్కటే చదవగలిగిన రోగి అయితే ఈ ఆధారం మనకు అందేది కాదు.

ఇక నిలిచి ఉన్న శక్తుల విషయం. అంకెలను వరసగా ఏడు, తిరగేసి ఐదు చెప్పారు. 'రే' అనే పరీక్షలోని క్లిష్టమైన రేఖాచిత్రాన్ని దించడంలో 36కి 34 వచ్చాయి. చూపిన ఫోటోలను అరగంట తర్వాత కొత్త ఫోటోలతో కలిపి చూపితే దాదాపు అన్నింటినీ గుర్తుపట్టారు. అదే వస్తువుకు మరో నమూనా ఫోటో పెట్టినప్పుడు, ఉదాహరణకు పాతకాలం టెలిఫోను బదులు కొత్త రకం టెలిఫోను చూపినప్పుడు, 'ఇది చూడలేదు' అన్నారు. చూసిన రూపం గుర్తుంది, ఆ రెండూ టెలిఫోన్లే అన్న జ్ఞానం మాత్రం లేదు. మరుసటి సందర్శనలో గదిలో కుర్చీలు మార్చి వేసిన సంగతి, అంతకు ముందు ఎవరు తలుపు తీశారన్న సంగతి ఆమే ప్రస్తావించారు. పెళ్ళినాటి విషయాల కన్నా గత కొన్ని నెలల విషయాలే వివరంగా చెప్పడం కూడా గమనించాను. అల్జీమర్స్‌లో కనిపించే కాలక్రమానికి ఇది తలకిందులు. పాత జ్ఞాపకం ఏళ్ళు గడిచేకొద్దీ హిప్పోక్యాంపస్ మీద తక్కువగా, కార్టెక్స్‌లోని అర్థాల మీద ఎక్కువగా ఆధారపడుతుందన్న వాదానికి ఇలాంటి రోగులు బలమిస్తారు.

రక్తపరీక్షల్లో బి12, థైరాయిడ్, సోడియం, కాల్షియం సాధారణంగానే ఉన్నాయి. సిఫిలిస్, హెచ్ఐవీ లేవు. డిప్రెషన్ లక్షణాలు లేవు, మతిని మందగింపజేసే మందులేవీ వాడడం లేదు.

ఎమ్మారై విషయంలో కొంత ఆగి చూడాలి. ఆమె తెచ్చిన పాత నివేదికలో 'ఎడమ హిప్పోక్యాంపస్ క్షీణత, అల్జీమర్స్‌ను సూచిస్తోంది' అని ఉంది. ఫిల్ములు తెప్పించి, ముఖం వైపు నుంచి తల వెనక వైపుకు ఒకదాని వెనక ఒకటిగా వచ్చే నిలువు కోతలుగా, అంటే కరోనల్ వరసలో చూశాను. హిప్పోక్యాంపస్ క్షీణించిన మాట నిజమే. కానీ అది ముందు భాగంలోనే తీవ్రంగా ఉంది, వెనక భాగం దాదాపు మామూలుగా ఉంది. అంతకు మించి, ఎడమ టెంపోరల్ లోబ్ కొన, దాని అడుగున ఉండే ఫ్యూజిఫార్మ్ మడత ముందు భాగం, భావోద్వేగాలతో ముడిపడిన అమిగ్డలా బాగా కుంచించుకుపోయి, మడతలు కత్తి అంచుల్లా పలచబడ్డాయి. కుడి కొనలోనూ అదే మార్పు స్వల్పంగా మొదలైంది. నడినెత్తి వెనక ఉండే పెరైటల్ లోబులు, సింగ్యులేట్ మడత వెనక భాగం బాగున్నాయి. మెదడులో ఏ భాగం ఎంత గ్లూకోజ్ వాడుతోందో చూపే ఎఫ్‌డీజీ పెట్ స్కాన్‌లో ఆ వాడకం రెండు టెంపోరల్ కొనల్లో, ఎడమవైపు ఎక్కువగా, పడిపోయింది. అల్జీమర్స్‌లో తొలినాళ్ళలోనే తగ్గే వెనక సింగ్యులేట్ ప్రాంతంలో తగ్గలేదు. వెన్ను ద్రవంలో అమిలాయిడ్ బీటా 42 (అల్జీమర్స్‌లో మెదడులో పేరుకునే ప్రోటీన్), టౌ స్థాయిలు అల్జీమర్స్ తరహాలో లేవు. హిప్పోక్యాంపస్ కుంచించుకుపోయిందన్న ఒక్క ముక్కతో అల్జీమర్స్ అనడం ఎందుకు చాలదో ఈ ఫిల్ములు చెబుతాయి. కుంచించుకుపోయిన తీరు, దాని చుట్టుపక్కల పరిస్థితి కలిపి చూస్తే తప్ప ఆ వాక్యానికి విలువ లేదు.

టెంపోరల్ కొన పోతే అర్థాలు ఎందుకు పోతాయన్నదానికి ఇప్పుడు ఎక్కువమంది ఒప్పుకునే వివరణ ఇది. గంట రూపం దృశ్య ప్రాంతాల్లో, దాని మోత శ్రవణ ప్రాంతాల్లో, దాన్ని మోగించే చేతి కదలిక మోటార్ ప్రాంతాల్లో, పేరు భాషా ప్రాంతాల్లో విడివిడిగా నమోదవుతాయి. వీటిని ముడివేసి 'ఇది గంట' అన్న ఒక్క భావంగా నిలిపే కూడలి టెంపోరల్ లోబుల ముందు భాగం. బండిచక్రంలో ఆకు ఒకటి విరిగినా చక్రం తిరుగుతుంది, చక్రం నడిమి కుండ పగిలితే ఆకులన్నీ ఉన్నా ఊడిపోతాయి. ఎడమ కొన మాటలతో ఎక్కువ ముడిపడి ఉంటే, కుడి కొన మనుషుల ముఖాలతో, భావాలతో ఎక్కువ ముడిపడి ఉంటుంది. అయితే రెండూ కలిసే పనిచేస్తాయి, అందుకే ఒకవైపు మాత్రమే దెబ్బతిన్న రోగిలో లోపం ఇంత లోతుగా ఉండదు.

కాబట్టి నిర్ధారణ సెమాంటిక్ డిమెన్షియా. 2011లో అంతర్జాతీయ బృందం ఖరారు చేసిన ప్రమాణాల ప్రకారం చెప్పాలంటే ఇది ప్రైమరీ ప్రోగ్రెసివ్ అఫేసియాలో, అంటే భాష క్రమంగా దెబ్బతినే జబ్బులో, సెమాంటిక్ (అర్థాలకు సంబంధించిన) రకం. మెదడు ముందు భాగాలు, టెంపోరల్ లోబులు క్షీణించే ఫ్రంటోటెంపోరల్ డిమెన్షియాల కుటుంబానికి చెందుతుంది. మాట కోల్పోయిన రోగిలో టెంపోరల్ లోబ్ క్షీణతను ప్రాగ్ నగరంలో ఆర్నాల్డ్ పిక్ 1892లోనే వర్ణించాడు, అంటే అలోయిస్ అల్జీమర్ తన రోగి గురించి ప్రసంగించిన 1906 కన్నా ముందే. ఈ రకంలో ఎక్కువ మందికి మెదడులో పేరుకుపోయేది అమిలాయిడ్ కాదు, టీడీపీ-43 అనే ప్రోటీన్, అందులోనూ టైప్ సి తరహా. ఈ జబ్బుల్లో పేరుకునేది ఆ ప్రోటీనేనని 2006లో గుర్తించారు. పేరు సరిగ్గా పెట్టడం వల్ల ఆచరణలో వచ్చే తేడా చిన్నది కాదు. ఇటీవల వచ్చిన లెకానెమాబ్, డొనానెమాబ్ వంటి యాంటీబాడీలు అమిలాయిడ్‌ను తొలగించడానికి ఉద్దేశించినవి. మెదడు వాపు, రక్తస్రావం వంటి ప్రమాదాలున్న ఆ మందులను అమిలాయిడ్ లేని మెదడుకు ఇవ్వడంలో అర్థం లేదు.

డొనెపెజిల్‌ను క్రమంగా ఆపేశాం. డొనెపెజిల్ పెంచేది ఎసిటైల్‌కోలిన్ అనే మెదడు రసాయనాన్ని; ఫ్రంటోటెంపోరల్ జబ్బుల్లో దాని లోటు ప్రధానం కాదు, ఈ రకం మందులు కొందరిలో ప్రవర్తనను మరింత చెడగొడతాయి. ఈమెలో చిరాకు కొంత తగ్గింది, మిగిలినదానికి తక్కువ మోతాదులో ఎస్‌ఎస్‌ఆర్‌ఐ (డిప్రెషన్‌కు వాడే ఒక రకం మందు) ఇచ్చాం. అల్జీమర్స్‌కు వాడే మరో మందు మెమాంటిన్ ఇవ్వలేదు, ఫ్రంటోటెంపోరల్ జబ్బుల్లో దానితో జరిగిన ట్రయల్స్‌లో ప్రయోజనం తేలలేదు. జబ్బు వేగాన్ని తగ్గించే మందు ప్రస్తుతం లేదన్న సంగతి ఆ దంపతులకు దాచకుండా చెప్పాను.

స్పీచ్ థెరపిస్టు సాయంతో ఆమె రోజూ వాడే సొంత వస్తువుల ఫోటోలతో ఒక పుస్తకం తయారు చేశారు. బజారులో దొరికే బొమ్మల చార్టులు పెట్టవద్దని ముందే అనుకున్నాం. రోజూ సాధన చేయడంతో ఆ మాటలు చాలావరకు తిరిగి వచ్చాయి. అయితే ఫోటోల వరస మారిస్తే తప్పులు వచ్చాయి, సాధన ఆపిన వారాల్లో మాటలు మళ్ళీ జారిపోయాయి, తన దువ్వెన పేరు నేర్చుకున్నంత మాత్రాన మరో దువ్వెనను గుర్తుపట్టలేదు. హిప్పోక్యాంపస్ సాయంతో బట్టీ పట్టగలుగుతున్నారు, ఆ బట్టీని అర్థంగా మార్చే చోటు లేదు. ఇంత పరిమితి ఉన్నా ఈ సాధన దండగ కాదనే నా అభిప్రాయం. నొప్పి ఎక్కడుందో, ఆకలిగా ఉందో లేదో చెప్పడానికి పనికొచ్చే పాతిక ముప్ఫై మాటలు నిలిచినా ఇల్లు నడుస్తుంది.

రెండో ఏడు కుడి వైపు లక్షణాలు బయటపడ్డాయి. దూరపు బంధువుల ముఖాలు పోల్చుకోలేకపోయారు, గొంతు విన్నా తెలియలేదు. వదినగారి ఇంట్లో మరణం జరిగినప్పుడు ఏడుస్తున్నవారి మధ్య కూర్చుని భోజనం వేళ దాటిపోతోందని పదేపదే గడియారం చూపించారు. భర్త దాన్ని రాతిగుండెగా తీసుకుని కుమిలిపోయారు. దుఃఖించే ముఖాన్ని చదవడం కూడా మెదడు చేసే పనేననీ, అమిగ్డలాతో కలిసి కుడి టెంపోరల్ కొన చేసే ఆ పని ఇప్పుడు ఆగిపోతోందనీ ఎమ్మారై ఫిల్ము చూపించి వివరించాక ఆయనలో కోపం తగ్గింది. తీపి మీద మోజు, నిమిషం తేడా లేకుండా ఒకే వేళకు నడకకు వెళ్ళడం, గంటల తరబడి అంకెల పజిళ్ళు నింపడం కూడా ఈ దశలోనే మొదలయ్యాయి. నడకనూ పజిళ్ళనూ మాన్పించవద్దని చెప్పాం. ఫినాయిలు సీసా మూత తీసి గ్లాసులో పోసుకోబోయిన ఘటన తర్వాత శుభ్రపరిచే ద్రావణాలనూ మందులనూ తాళం వేసి పెట్టించాం. విషం అన్న మాటకు అర్థం పోయినవారికి సీసా మీద హెచ్చరిక రాసి లాభం లేదు.

కూతురు అడిగిన ప్రశ్న ఇది తనకు వస్తుందా అని. ఫ్రంటోటెంపోరల్ జబ్బుల్లో వంశపారంపర్యం తక్కువగా ఉండేది ఈ రకంలోనే. కుటుంబ చరిత్ర ఏమీ లేనందున జన్యు పరీక్ష అవసరం లేదని చెప్పాను.

ఆస్తి పత్రాల వ్యవహారం అన్నిటికన్నా సున్నితంగా నడిచింది. లెక్కల్లో ఆమెను మించినవారు ఆ ఇంట్లో లేరు. పెరైటల్ లోబులు బాగున్నందున వడ్డీ లెక్క ఇప్పటికీ నోటితోనే చెప్పగలరు. అది చూసి సంతకం పెట్టించడానికి అభ్యంతరం ఏముందని బంధువులు వాదించారు. పత్రంలోని మొదటి పేరా ఆమె చేతే చదివించి, 'వారసులు' అంటే ఎవరు, 'దానం' అంటే ఏం చేయడం, సంతకం పెట్టాక ఇల్లు ఎవరిదవుతుంది అని ఒక్కొక్కటే అడిగాను. మొత్తం విలువ, వాటాల శాతం తప్పులేకుండా చెప్పారు, మిగిలిన ఏ ప్రశ్నకూ జవాబు రాలేదు. ఆ పత్రం మీద నిర్ణయం తీసుకునే సామర్థ్యం ఆమెకు లేదని, ఇంటి ఖర్చుల లెక్కలు చూసుకునే సామర్థ్యం మాత్రం ఉందని రెండు వేర్వేరు వాక్యాలుగా కేసు షీటులో రాశాను. ఇలాంటి పత్రాల పని ఏదైనా రోగ నిర్ధారణ జరిగిన తొలి నెలల్లోనే, మాటలకు ఇంకా అర్థం మిగిలి ఉన్నప్పుడే, రోగి ఇష్టం తెలుసుకుని ముగించమని అప్పటి నుంచి ఈ జబ్బున్న ప్రతి కుటుంబానికీ మొదటి సందర్శనలోనే చెబుతున్నాం.